గెల వేసేదాకా

వేడి అన్నం అరటాకు మీద పడగానే ఒక వాసన లేస్తుంది. ఆకు కమిలీ కమలకుండా ఉన్నప్పటి పచ్చి వాసన. మొన్న మా పెద్ద మనవడి భార్య కొత్తగా కాపురానికి వచ్చిన రోజు వడ్డిస్తుంటే ఆ వాసన తగిలి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పిల్ల విశాఖపట్నం నుంచి వచ్చింది. మెతుకులు కెలుకుతూ తల వంచుకుని కూర్చుంది. ఆ తల వంపు చూస్తే ఒకప్పటి నాగమణి, ఆ పిల్లతో పాటే మా కరుణమ్మ గారు గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివర్లో అమలాపురంలో ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో నేను వంటకి కుదిరాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కరుణమ్మ గారు అక్కడ వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు, హాస్టలుకి వార్డెను కూడా. అప్పట్లో గిన్నెలు కడిగిన నీళ్ళూ గంజీ అన్నీ వంటింటి వెనక మడుగు కట్టేవి. దోమలు, పిల్లలకి జ్వరాలు. భోజనాల దగ్గరేమో ఏ కులంవాళ్ళు ఆ కులంవాళ్ళతో, ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతో కూర్చునేవారు. ఆవిడ ఈ రెండింటి గురించీ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒక ఆదివారం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పార పట్టుకుని, మడుగులోంచి పెరట్లోకి కాలవ తీయడం మొదలుపెట్టారు. చూస్తూ ఊరుకోలేక పిల్లలూ దిగారు. అంబాజీపేట వైపు తోటల నుంచి అరటి పిలకలు తెప్పించి, ఆ కాలవ వెంట నాటమని పిల్లకొకటి చొప్పున ఇచ్చారు, తానూ ఒకటి నాటుకున్నారు. ఎవరి చెట్టు వారి కిటికీలోంచి కనబడాలి, ఎవరి నీళ్ళు వారే పెట్టుకోవాలి. ఒక పిల్ల చదువు ముగించి వెళ్ళేటప్పుడు తన చెట్టు పక్కన లేచిన పిలక కొత్తగా వచ్చిన పిల్లది అవుతుంది. చెట్లు ఎదిగాక భోజనాలకి ఆకులు అక్కడివే. నాకు మాత్రం ఒకటే ఆజ్ఞ.

"సూరమ్మా, కోసిన ఆకులన్నీ కలిపేసి వెయ్యి. ఎవరి చెట్టు ఆకు ఎవరి ముందు పడిందో నీక్కూడా తెలీకూడదు."

దాంతో పంక్తిలో వేళాకోళాలు మొదలయ్యాయి. ఇవాళ మేడం గారి చెట్టు ఆకు పడినట్టుంది, నాకూ పాఠం చెప్పాలనిపిస్తోంది అని ఒక పిల్ల అంటే, నాకొద్దు తల్లీ అని ఇంకో పిల్ల ఆకు మార్చుకునేది. నవ్వుతూ నవ్వుతూనే చోట్లు కూడా కలిసిపోయాయి.

కలవనిది నాగమణి ఒక్కతే. గోదారి లంకలోంచి వచ్చింది. తండ్రి కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే కూలీ. వాళ్ళింట్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి మనిషి ఈ పిల్లే. మాట యాసకి ఎవరో నవ్వారట, అప్పటి నుంచీ నోరు విప్పలేదు, సరిగ్గా తినలేదు. ఒక పొద్దున్న సంచి సర్దుకుని, నాన్నకి కబురు పెట్టమని నా దగ్గరకొచ్చింది. నేను మేడం గారికి చెప్పాను. బుజ్జగిస్తారనో కేకలేస్తారనో అనుకున్నాను. ఆవిడ మాత్రం ఆ పిల్లని పెరట్లోకి తీసుకెళ్ళి చెట్టు చూపించారు.

"ఇది నీది కదా. గెల వేసేదాకా ఉండు. గెల పట్టుకుని ఇంటికెళ్దువు గాని."

"గెల వేసేక ఆపరు కదండీ?"

"ఆపను."

నాగమణి సంచి విప్పలేదు, మంచం కిందకి తోసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి చెట్టు మొవ్వులోకి చూసేది. గెల కోసం చూస్తోందో, వెళ్ళిపోయే రోజు కోసం చూస్తోందో నాకు అంతుబట్టేది కాదు. చివరికి పువ్వు వచ్చింది, కాయలు వరసలుగా అత్తాలు కట్టాయి. ఇంకా ముదరలేదు, ఈదురుగాలి వచ్చింది. తెల్లారి చూస్తే పెరడంతా చెట్లు పడి ఉన్నాయి. నాగమణి చెట్టు నడిమికి విరిగింది. ఆ పిల్ల ఏడవలేదు.

"చెట్టు పోయిందండి. మన మాట తీరిపోయినట్టేనా?"

"తీరిపోయింది. మీ నాన్నగారిని రమ్మని ఇప్పుడే కబురు పెడతాను," అన్నారు కరుణమ్మ గారు. అన్నట్టే పెట్టారు. ఎందుకు పెట్టారండీ, నాలుగు రోజులు పోతే మనసు మారును కదా అన్నాను నేను. "మాటిచ్చేను సూరమ్మా," అన్నారు. ఆ గొంతులో బాధ నాకు తెలుస్తూనే ఉంది.

తరవాత నన్ను కత్తిపీటలన్నీ బయట వెయ్యమన్నారు. పడిన బోదెల్లోంచి నడిమి తెల్లటి దూట తీసి ఆవపెట్టి కూర, లేత కాయలు వేపుడు, మిగిలిన తొక్కలూ పట్టలూ మళ్ళీ చెట్ల మొదట్లోకే. దూట తరిగితే దారం దారంగా పీచు వస్తుంది, దాన్ని వేలికి చుట్టుకుంటూ తరగాలి. పిల్లలందరూ వరండాలో చుట్టూ కూర్చున్నారు. సగం మందికి పీచు చుట్టడం చేతకాక చిక్కులు పడుతుంటే నాగమణికి నవ్వాగలేదు. నేను ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదలు. నువ్వు తరుగు, అప్పుడెలా నవ్వుతావో చూద్దాం అని పక్క పిల్ల దూట ముక్క నాగమణి ఒళ్ళోకి విసిరింది. సాయంత్రానికి ప్రతి ఓణీ మీదా అరటి కర అంటింది. ఎంత ఉతికినా అది పోదు.

తండ్రి వచ్చాడు. నాగమణే ఆకు వేసి, దూట కూర వడ్డించింది. తిన్నాక పెరట్లోకి తీసుకెళ్ళి, విరిగిన మొదలు పక్కన లేచిన పిలక చూపించింది. నేనూ మేడం గారూ వంటింటి గుమ్మంలో ఉన్నాం.

"ఇది గెల వేసేక వత్తాను నానా."

"దీనికెన్నాళ్ళు పడతాదే అమ్మా?"

"ఏడాది పైనే."

ఆయన కాసేపు పిలకనీ, కూతుర్నీ చూశాడు. "ఆయ్, అలాగే కానీ," అన్నాడు. కరుణమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయనకి చల్ల ఇవ్వమని నన్ను లోపలికి పంపారు.

నాగమణి డిగ్రీ పూర్తి చేసి, తరవాత టీచరు అయింది. కరుణమ్మ గారి దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే. ఎవరినీ ఉండిపొమ్మని బతిమాలలేదు, పొమ్మనలేదు. ప్రతి మనిషికీ తన కోసం ఎదురుచూసేది ఒకటి చేతిలో పెట్టారు.

మొన్న భోజనాలయ్యాక మనవడి భార్యకి ఒక పిలక ఇచ్చాను. "ఎక్కడ పాతనండి మామ్మగారూ?" అంది. నీ కిటికీలోంచి కనబడే చోట అన్నాను. ఇంకేం చెప్పలేదు. ఇవాళ పొద్దున్న నేను లేచి పెరట్లోకి వెళ్ళేసరికి, దాని మొదట్లో మట్టి అప్పటికే తడిసి ఉంది.