మా అత్త దిద్దిన నా పరీక్ష

నాకు చూపు ఇక రాదని డాక్టరు తేల్చిన వారానికే, నాకు గవర్నమెంటు ఉద్యోగం ఖాయమని చంద్రగిరిలో మా బంధువులు తేల్చేశారు. “నీకేమప్పా, కోటా ఉండాది” అని ఒకాయన భుజం తట్టాడు. ఆ గొంతులోని అసూయ వింటే, నేనేదో అడ్డదారిలో కళ్లు పోగొట్టుకున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. అంధుడినని ఒక గడిలో టిక్కు పెట్టగానే, నేను మనిషినో యంత్రాన్నో తేల్చుకోవడానికి ఆ వెబ్‌సైటు వంకర టింకర అక్షరాల బొమ్మ ఒకటి చూపించి, అందులో ఏముందో టైపు చేయమంది. తెర మీది మాటలన్నీ నాకు చదివి వినిపించే ఫోను, ఆ బొమ్మ దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంది. చివరికి నెట్ సెంటరాయన నా తరఫున నేను మనిషినని రుజువు చేశాడు.

తర్వాత స్క్రైబ్ కావాలి. అంటే ప్రశ్నలు నాకు చదివి వినిపించి, నేను చెప్పిన జవాబుకు ఎదురుగా జవాబు పత్రంలో ఉన్న సున్నాను పెన్నుతో దిద్దే మనిషి. దిద్దేవాళ్లు రాసేవాళ్లకన్నా తక్కువ చదివుండాలని రూలు; పరీక్షకు డిగ్రీ కావాలి కాబట్టి, దిద్దేవాళ్లకు డిగ్రీ ఉండకూడదట. తిరుపతిలో మేము అద్దెకుండే వీధిలో ఇంటికొక ఇంజనీరు ఖాళీగా కూర్చుని ఉన్నాడు. వాళ్లెవరూ పనికిరారు. డిగ్రీ లేనివాళ్లు పనికొస్తారు గానీ వాళ్లకు తీరిక లేదు. లాడ్జీల్లో, ఆటోల్లో తెల్లారింది మొదలు పనే.

ఆఖరికి కార్వేటినగరం నుంచి మా నాయన అక్క బస్సెక్కి వచ్చింది. ఆ కాలంలో ఇంటర్ పాసై, ఆపైన పెళ్లయి చదువు ఆపేసిన మనిషి. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చావు ప్రకటనల దాకా వదలకుండా చదువుతుంది. పరీక్షనాడు పట్టుచీర కట్టుకుని బయలుదేరింది.

“అత్తా, పెళ్లికి కాదు పోయేది.”

“పెళ్లికి ఏ చీరైతే ఏమిరా? ఇది గవర్నమెంటు పని” అంది.

సెంటర్లో మాకు విడిగా ఒక గది ఇచ్చారు. అక్కడి ఇన్విజిలేటరు మా అత్తను చూసి, “పిల్లోడి తల్లి బయట కూర్చోవాలమ్మా” అన్నాడు. తానే స్క్రైబునని అత్త చెబితే, సర్టిఫికెట్ చూపించమన్నాడు; అత్త తన ఇంటర్ సర్టిఫికెట్ తీసి చూపించింది. ఇన్నేళ్లకు దాన్ని చూపించమని ఒకరు అడిగినందుకు ఆమె గొంతు మారిపోవడం నాకు వినిపించింది.

పరీక్ష మొదలైంది. అత్త ప్రశ్నలు బాగానే చదివింది. చిక్కల్లా నేను జవాబు చెప్పాక వచ్చేది. నచ్చకపోతే పెద్దగా నిట్టూర్చేది.

“అమ్మా, జవాబులు చెప్పకూడదు” అన్నాడు ఇన్విజిలేటరు.

“నేనేం సెప్పినాను సార్? ఊపిరి ఇడిసినాను, అంతే.”

“ఊపిరి కూడా మెల్లగా విడవండి.”

ఆ తర్వాత బొమ్మల ప్రశ్నలు వచ్చాయి. నాలుగు బొమ్మల్లో భిన్నమైనది ఏదో గుర్తించాలి. చూపు లేనివాళ్ల పరీక్షలో ఇవెందుకని నేను అడగలేదు. పేపరు తయారుచేసినవాళ్లకు మా మీద అంత నమ్మకం ఉన్నప్పుడు కాదనడం మర్యాద కాదు.

“ఎట్లుండాదో చెప్పత్తా.”

“ఒకటి ముగ్గు మాదిరి ఉండాది. ఇంకోటి అప్పడం మాదిరి. మూడోది కూడా అప్పడమే, కానీ ఇరిగింది. నాలుగోది... ఇదేందిరా, దీనికి తల యాడో కాళ్లు యాడో తెలియల్యా.”

“వదిలేయత్తా. తప్పైతే మార్కులు కోస్తారు.”

ఆమె తర్వాతి ప్రశ్నకు పోయింది. అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. అన్నీ వదిలేయమన్నాను.

బయటికొచ్చి బస్టాండు దగ్గర కాఫీ తాగుతుండగా అత్త తృప్తిగా చెప్పింది. “నువ్వు ఇడిసిపెట్టమన్నిండేవి కూడా దిద్దేసినాలే. ఖాళీగా ఉంటే సూసేదానికి బాగాలేదు.”

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. “ఏం చూసి దిద్దినావు?”

“గోవిందుని తలుసుకోని దిద్దినాను.”

ఆమెను కోపంగానే బస్సెక్కించాను. ఆమె మాత్రం కిటికీలోంచి, వేళకు తినమని రెండుసార్లు చెప్పింది.

ఫలితాల్లో నా నంబరు ఉంది. గోవిందుడు మార్కులు కలిపాడో, కోసినా నేను మిగిలానో తెలిసే దారి లేదు. అత్తకు మాత్రం ఏ సందేహమూ లేదు. కార్వేటినగరంలో ఆ ఉద్యోగం ఆమెకే వచ్చినట్టు చెప్పుకుందట.

తర్వాత మెడికల్ బోర్డు. నా పాత సర్టిఫికెట్ మీద శాశ్వత అంధత్వం అని ఉంది. ఆ శాశ్వతం ఇంకా అమల్లో ఉందో లేదో చూడాలన్నారు. ఒక డాక్టరు నా ముఖం ముందు ఏదో ఆడించి, “ఎన్ని వేళ్లు?” అని అడిగాడు. మీరు చెయ్యి చాపారని మీరు చెప్పాకే తెలిసింది సార్ అన్నాను. పాసయ్యాను.

చిత్తూరులో ఒక ఆఫీసులో చేరాను. అక్కడి అధికారి మంచివాడు. మెత్తగా మాట్లాడాడు. “నువ్వు కష్టపడొద్దబ్బా. వచ్చి, సంతకం పెట్టి, ఫ్యాను కింద కూర్చో. ఎవురూ ఏమీ అడగరు.” ఇన్ని పరీక్షలు పెట్టి ఏరి తెచ్చుకున్నది కూర్చోవడానికన్నమాట. ఆ పూట ఫ్యాను తిరిగే శబ్దం తప్ప నాతో ఎవరూ మాట్లాడలేదు. ఏడుపొచ్చింది. నల్లకళ్లద్దాలున్నాయి కాబట్టి సరిపోయింది.

సాయంత్రం అత్త ఫోను చేసింది. “పనేమిచ్చినారు?”

“కూర్చోమన్నారు.”

“నన్ను కూడా అట్లే కూర్చోమన్నారు పెండ్లైనాక. యాభై ఏండ్లు కూర్చున్నాను. నువ్వు కూర్చోవద్దురా. రేపు పోయి అడుగు.”

మరునాడు అధికారి ముందు నిలబడి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఇస్తే ఫైళ్లు చూస్తానన్నాను. ‘చూస్తాను’ అన్న మాటకు ఆయన కాస్త తడబడ్డాడు. పైకి రాసి పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. కంప్యూటర్ ఇంకా రాలేదు. ఈలోపు ఆఫీసుకొచ్చే ఫోన్లు ఎత్తే పని ఇచ్చారు. ఎవరికి ఏ కాగితం కావాలో, ఏ సెక్షన్లో ఎవరిని అడగాలో చెబుతున్నాను. చూపు లేకపోయినా ఫోనులో ఎంత బాగా మాట్లాడుతున్నాడో అని అందరూ ఆశ్చర్యపోతున్నారు. ఫోనును చెవి దగ్గర పెట్టుకుంటారన్న సంగతి నేనింకా ఎవరికీ చెప్పలేదు.