విప్పుట నేర్పబడును

పఠన మందిరం కార్యవర్గ సభ్యుల సమక్షానికి:

వీధిలో అందరూ గుండీల పిన్ని అని పిలిచే ఆమె వయసు అరవై మూడు సంవత్సరాలు. ఈ పత్రం వ్రాస్తున్నవారు ఆమెను ఇరవై రెండేళ్లుగా ఎరుగుదురు. ఆమె కోపాన్నీ, నవ్వునూ, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు నాలుక కొనను పళ్ల మధ్య పెట్టుకునే అలవాటునూ ఒకే విధంగా ఎరుగుదురు. ఆమె నడిపిన వెనకగదికి ప్రస్తుతం తాళం పడి ఉంది. ఆ గది ఆమెకు తిరిగి దక్కుతుందా లేదా అన్నది రాబోయే సమావేశంలో తేలవలసి ఉన్నందున, ఆ గదిలో ఏమి జరిగేదో, తాళం ఎందుకు పడిందో మొదటి నుంచి మనవి చేయడం అవసరమని తోచింది.

ఆమె చిన్నతనంలో చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఇంట్లో ఒక పని తప్పకుండా జరిగేది. తల్లి పిల్లలందరి స్వెటర్లనూ మంచం మీద పరిచి, ఎవరిది ఎవరికి పొట్టిదైందో చూసి, ఒక్కొక్కటే విప్పేది. అన్నగారి స్వెటరు విప్పితే చెల్లెలికి ఒకటి వచ్చేది. మిగిలిన ఊలు మేజోళ్లకు సరిపోయేది. విప్పిన ఊలును చిలపగా, అంటే వదులైన చుట్టగా, చుట్టడానికి పిన్ని రెండు చేతులూ చాచి తల్లి ఎదుట కూర్చునేది. ఉంగరాలు తిరిగిన ఊలు ఒక చేతి మీది నుంచి రెండో చేతి మీదికి తిరుగుతుంటే మణికట్లు వెచ్చబడేవి.

"చేతులు దించకే, చిలప జారిపోతుంది."

"ముక్కు దురద పెడుతోందమ్మా."

"భుజానికేసి రాసుకో. ఒరేయ్ పెద్దాడా, నీ చెల్లెలి ముక్కు కాస్త గోకు."

అన్నగారు గోకే నెపంతో ముక్కు పిండి పారిపోయేవాడు. చేతులకు ఊలు చుట్టుకుని ఉన్న పిల్ల లేవలేక, కొట్టలేక, అరిచేది. తల్లి మాత్రం తల ఎత్తేది కాదు. ఎక్కడైనా పోగు చిక్కుపడి పిల్ల కత్తెర వైపు చూస్తే అప్పుడు మాత్రం అనేది: "చింపకే. విప్పు." ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరాన్ని పిన్ని ఆ ఇంట్లోనే నేర్చుకుంది.

పెద్దయ్యాక ఆమె స్వెటర్ల మిల్లులో చేరింది. యంత్రం మీద అల్లికలో జారిపోయిన కన్నులను సన్నని కొక్కెంతో పట్టి ఎత్తి, తప్పు కనబడకుండా సరిచేయడం ఆమె పని. కిటికీ పక్క పొడుగాటి బల్ల, దాని మీద వెలుతురు కోసం దించిన దీపం, ఇరువైపులా ఆడవాళ్లు. యంత్రాల హోరులో మాట వినబడదు కనుక పెదవుల కదలికతోనే కబుర్లు చెప్పుకునేవారట. మిల్లు మూతపడి ఎన్నో ఏళ్లయినా, దూరాన నిలబడ్డ ఇద్దరు ఏం మాట్లాడుకుంటున్నారో ఆమె ఇప్పటికీ చెప్పగలదు. ఈ కారణంగా వీధిలో కొందరు ఆమెకు ఎదురుగా రహస్యాలు మాట్లాడరు.

మిల్లు మూసిన తర్వాత ఆమె చేతులు ఊరుకోలేదు. వాడి వదిలేసిన స్వెటర్లు, మఫ్లర్లు, ఒంటి మేజోళ్లు ఎక్కడ కనిపించినా అడిగి తెచ్చుకునేది. దారిన పోతూ నేల మీద దొరికిన గుండీలు, తెగిన గొలుసు ముక్కలు, ఆగిపోయిన గడియారం చక్రాలు, జిప్పుల కొసలు ఏరి కొంగున కట్టుకునేది. ఆమె అన్నగారి భార్య దీనిని ఎన్నడూ ఊరికే వదల్లేదు.

"మా మరదలికి ఎవరైనా ఎదురుపడితే మొహం చూడదు, చొక్కా గుండీలు చూస్తుంది. పెళ్లిచూపుల్లో కూడా అంతే. పెళ్లికొడుకు ఎలా ఉన్నాడే అంటే, నాలుగు రంధ్రాల గుండీలు వదినా, కొయ్యవి అంది."

"అబద్ధం. కొయ్యవి కావు, కొమ్మువి."

ఆనాటి కార్యదర్శి గారు, చినిగిన పత్రికలు పోసి ఉంచిన వెనకగదిని ఖాళీ చేయించి, శనివారం మధ్యాహ్నాలు తరగతి పెట్టుకొమ్మని ఆమెకు అప్పగించారు. పొడుగాటి బల్ల, ఒక కుళాయి, నీళ్లు కాచుకోవడానికి పొయ్యి, ఆ గోడ నుంచి ఈ గోడకు దండెం. అంతకుమించి ఆమె కోరలేదు. బడి పంతులమ్మలు వచ్చేవారు, బస్సు డ్రైవరు ఒకాయన వచ్చేవాడు, చదువు మధ్యలో ఆపిన ఆడపిల్లలు వచ్చేవారు. వదినగారు గుండీలు రంగుల వారీగా వేరు చేసే ఉద్యోగం తనకు తానే ఇచ్చుకుని, ఆ కుర్చీలో నుంచి అందరినీ ఆటపట్టించేది.

అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరు ఏ స్వెటరు తెచ్చినా పిన్ని ముందుగా అది ఎవరిదని అడిగేది. తెచ్చినవారు చెప్పినంతసేపూ వినేది. ఆ తర్వాత గుండీలు తీయించి, పక్క కుట్లు ఊడదీయించి, అల్లినవారు చివరి ముడి ఎక్కడ వేశారో వెతికించేది. సాధారణంగా అది మెడ దగ్గర ఉంటుంది. ఆ ముడి దొరికితే చాలు, స్వెటరంతా ఒక్క పోగుగా చేతిలోకి వచ్చేస్తుంది. కింది అంచు పట్టి లాగితే కన్ను కన్నుకూ బిగుసుకుంటుంది. "అల్లినవాళ్లు ఎక్కడ ఆపారో మనం అక్కడ అందుకోవాలి" అనేది. విప్పిన ఊలును చిలపలు చుట్టి, ఉతికి, ముడతలు పోయేలా కింద బరువు కట్టి ఆరేసేవారు. వేడినీళ్లలో పడి కుదించుకుపోయిన వాటిని మాత్రం కత్తిరించి పూలుగా, సంచులుగా, కళ్లజోడు ఒరలుగా కుట్టేవారు. ఏరుకొచ్చిన గుండీలూ చక్రాలూ వాటి మీద మెరిసేవి. శీతాకాలపు మధ్యాహ్నాల్లో తడి ఊలు వాసన, టీ వాసన కలిసి పఠన మందిరం ముందు గది దాకా వచ్చేవి. పత్రిక చదివేవారు పుట తిప్పడం మరిచి నవ్వులు వినేవారు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు ముందు గది మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక బోర్డు సంగతి. వీధి వైపు తలుపు మీద ఆమె ఇలా వ్రాయించింది: "స్వెటర్లు విప్పుట నేర్పబడును. ఆడవారు, మగవారు అందరూ రావచ్చును." నలుగురి కళ్లలో పడాలని మొదటి మాట ఎర్ర రంగుతో, తక్కినవి నల్ల రంగుతో వ్రాయించింది. ఎండకు ఎరుపు వెలిసిపోయింది, నలుపు నిలిచింది. రోజూ అదే తలుపు తోసుకుని వెళ్లేవారు ఎవరూ తల ఎత్తి చదవలేదు. కొత్తగా వచ్చిన ఒక పాఠకులు చదివి, దిగ్భ్రాంతి చెంది, వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు.

ప్రస్తుత కార్యదర్శి గారు అప్పటికి కొత్త. విచారణ నిమిత్తం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఇక్కడ ఏం నేర్పుతారమ్మా?"

"బోర్డు మీద ఉందిగా బాబూ. విప్పడం" అంది పిన్ని, నీళ్ల గిన్నె దించుతూ.

"మగవాళ్లు కూడా వస్తారా?"

"మగవాళ్లకే తొందరండీ" అంది వదినగారు గుండీల పళ్లెంలో నుంచి తల ఎత్తకుండా. "నెమ్మదిగా విప్పండి నాయనా అంటే వినరు, లాగేస్తారు. ముందు గుండీలు, తరవాత చేతులు, ఆ తరవాత మెడ దగ్గర్నుంచి కిందికి రావాలి. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

కార్యదర్శి గారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు ఆయన చూపు దండెం మీది చిలపల మీద పడింది, ఆపైన బల్ల మీది సగం విప్పిన స్వెటరు మీద పడింది. ఆయన కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆయన మంచివారు. అయితే వ్రాతపూర్వకమైన ఫిర్యాదుకు వ్రాతపూర్వకమైన సమాధానం ఉండి తీరాలి. అందుచేత పాత బోర్డు దింపించి, "పాత ఉన్ని వస్త్రముల పునరుపయోగ శిక్షణా కేంద్రము" అనే కొత్త బోర్డు పెట్టించారు.

ఆ బోర్డు కింద తరగతి పలచబడింది. ఒకాయన వచ్చి, ఇక్కడ ఏ అధికారి కూర్చుంటారని అడిగి వెళ్లాడు. ఇంకొకామె శిక్షణ భత్యం ఎంత ఇస్తారని అడిగింది. చేతిలో మూటతో వచ్చేవారు మాత్రం తగ్గిపోయారు. పిన్ని దానికి చలిని తప్పుపట్టింది, బస్సులను తప్పుపట్టింది. బోర్డును తప్పుపట్టలేదు. అప్పటికి.

ఒక శనివారం తాళాలు బాగుచేసే మేస్త్రీ, తెరిచిన తలుపులోంచి చిలపలు కనబడి, గోనెసంచితో లోపలికి వచ్చాడు. సంచిలో బూడిదరంగు ఊలు ముక్కలు ఉన్నాయి. అన్నీ కత్తెర పడినవే.

"ఎవరిది మేస్త్రీ?"

"నాదేనమ్మా. మా ఆవిడ అల్లింది. మోచేతులు పోయాయి. విప్పించి మనవరాలికి ఏదైనా చేయించుకుందామని, పోయిన నెల ఈ సందులో రెండుసార్లు తిరిగాను. స్వెటర్లు విప్పే చోటు ఉందన్నారు. చూస్తే ఏదో ఆఫీసు. మనకెందుకులే అని ఇంటికెళ్లి నేనే మొదలుపెట్టాను." అతను చేతులు చూసుకున్నాడు. "రాలేదు. తాళమైతే ఎక్కడ బిగుసుకుందో చేతికి తెలుస్తుంది. ఇది తెలియలేదు. కోపమొచ్చి కత్తెర వేశాను."

"ఎక్కడ పట్టి లాగారు?"

"కింద అంచు."

పైనుంచి అయితే ఒక్క పోగుగా వచ్చేదని ఆమె నోటి దాకా వచ్చింది. ఆ మాట మింగి, సంచిని బల్ల మీదికి తీసుకుంది. వదినగారు గుండీల పళ్లెం జరిపి చోటు చేసింది. మేస్త్రీ ఒక ముక్కను బల్ల మీద సాపుచేసి, వేలితో ఒక చోట చూపించాడు.

"ఇక్కడ కన్ను తప్పింది చూడండి. ఆ రోజు నాతో పోట్లాడుతూ అల్లింది. నువ్వే కారణం, నువ్వే తొడుక్కో అంది."

ఆ మధ్యాహ్నమంతా వారు ముక్కలను వేడి సబ్బునీళ్లలో వేసి, కత్తెర పడిన అంచులు ఊడిరాకుండా అల్లిక ముద్దగట్టి చిక్కనయ్యేదాకా రుద్దారు. తప్పిన కన్ను ఉన్న ముక్కను పిన్ని నీళ్లలో వేయనివ్వలేదు. తక్కినవాటిని చేర్చి కుట్టి ఒక దుప్పటి చేశారు. అంచుల వెంట మేస్త్రీ తన దుకాణంలో జత తాళాలు లేకుండా మిగిలిన చిన్న తాళంచెవులు కుట్టుకున్నాడు. దుప్పటి బాగానే వచ్చింది. స్వెటరు మాత్రం రాలేదు, ఇక రాదు.

అందరూ వెళ్లాక పిన్ని బల్ల ఎక్కి కొత్త బోర్డు దింపింది. పాతదానిని పెట్టి, వెలిసిన మాటను నల్లరంగుతో తానే దిద్దింది.

సోమవారం కార్యదర్శి గారు వచ్చారు. "పిన్నిగారూ, సంఘం పెట్టిన బోర్డు సంఘానికి చెప్పకుండా తీయకూడదండీ."

"భద్రంగానే ఉంది బాబూ. గోడకు ఆనించాను."

"ఆ ఒక్క మాట మార్చుకోవచ్చు కదా."

"పాత స్వెటరు తెచ్చేవాళ్లకి ఒకటే భయం, చింపేస్తారేమోనని. విప్పుతాం అంటే చేతిలో పెడతారు. ఇంకో మాట ఉంటే చెప్పండి, అదే రాయిస్తాను."

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఊడదీయుట?"

"పళ్ల డాక్టరనుకుంటారు" అంది వదినగారు.

"విడదీయుట?"

"మొగుడూ పెళ్లాలు వస్తారు."

"పీకుట అనకూడదు" అని ఆయన తనలో తాను అనుకుని లేచారు. వేరే మాట దొరకలేదు. కానీ నియమం నియమమే కనుక, సమావేశం జరిగేదాకా గదికి తాళం వేయక తప్పలేదు. దానికి ఆయనను తప్పుపట్టడం లేదు.

తాళం వేసిన సంగతి విని మేస్త్రీ పిన్ని ఇంటికి వచ్చాడు. "ఆ తాళం నా దగ్గర కొన్నదే అమ్మా. ఊఁ అనండి, టీ చల్లారేలోగా తీసేస్తాను."

"వద్దు మేస్త్రీ. కాగితంతో పడిన తాళం. కాగితంతోనే రానివ్వండి."

ఇప్పుడు శనివారాల్లో కొందరు ఆమె ఇంటికే వస్తున్నారు. ఇద్దరు కూర్చుంటే మూడోవారు మెట్ల మీద నిలబడవలసిన ఇల్లు అది. వేడినీళ్ల పని అక్కడ సాగదు. పోయిన వారం మూటతో వచ్చిన ఒకామె, చోటు లేదని గ్రహించి, మళ్లీ వస్తానని వెళ్లింది. పిన్ని వీధి చివరి దాకా ఆమె వెంట వెళ్లి, ఈలోగా మీరే లాగకండి అని చెప్పి వచ్చింది. ఆ మూట ఎవరిదో అడిగే వ్యవధి లేకపోయినందుకు ఆ సాయంత్రమంతా నొచ్చుకుంది.

కావున కార్యవర్గ సభ్యులు దయచేసి, వెనకగదిని శనివారం మధ్యాహ్నాలు పూర్వం వలె ఆమెకు అప్పగించవలసిందిగాను, తలుపు మీది బోర్డులో "స్వెటర్లు విప్పుట" అన్న మాటలను యథాతథంగా ఉంచడానికి అనుమతించవలసిందిగాను, సంఘం బోర్డును అనుమతి లేకుండా దింపినందుకు ఆమె ఈ పత్రంతో చెప్పుకుంటున్న క్షమాపణను స్వీకరించవలసిందిగాను ఆమె తరఫున సవినయంగా కోరడమైనది. నిర్ణయం ఆలస్యమయ్యే పక్షంలో, లోపల దండెం మీద ఉండిపోయిన చిలపలకు పురుగు పట్టకుండా ఒక్క పూట తలుపు తెరిపించి గాలి తగలనివ్వాలని కూడా మనవి. ఈ చివరి కోరిక ఆమె నోరు తెరిచి అడిగినది కాదు. అయినప్పటికీ ముందుగా దీనినే పరిశీలించవలసిందిగా ప్రార్థన.