స్టేషన్ కాన్పూర్

ముందుగాలనే చెప్తాన, తర్వాత నన్ను అనద్దు. ఇది నా రెండు చెవులు కలిసి చేసిన ఘనకార్యం. ఆ దెబ్బకు మా ఇంటి పరువు, మా వాడ పరువు, మా చర్చి పరువు మూడు కట్టగట్టుకొని కాజీపేట ప్లాట్‌ఫారం మీద బోర్ల పడ్డయి. అందుల ఒకటి రైలెక్కి పోయింది గూడ. ఏదో మీరే సూడుండ్రి.

అప్పుడే కొత్తగ కొలువుల చేరిన. చేలకు డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీ. ఊరూరు తిరిగి, పైపులు ఎట్ల పరవాలె, ఫిల్టర్లు ఎట్ల కడగాలె అని రైతులకు చూపెట్టుడు నా పని. కొన్ని నెలలు చూస్తరు, నచ్చితే ఉంచుకుంటరు, లేకపోతే ఇంటికి పొమ్మంటరు. మా మేనేజరు సెల్వం సార్ తమిళాయన. మనిషి బంగారం. తెలుగు గూడ మస్తు మాట్లాడ్తడు. కాకపోతే ఆయన నోట్ల క, గ, ఘ ముగ్గురు ఒక్క తల్లి పిల్లలు. ఎవల్ని పిలిచినా పెద్దోడే పలుకుతడు. పొద్దుగాల "కుడ్ మార్నింగ్" అంటడు. మధ్యాన్నం "కోంగూర పచ్చడి తెచ్చినవా?" అంటడు. తెలిసినోళ్ళకు ఇబ్బంది లేదు. నేను చేరి ఎన్ని దినాలయిందని!

ఒక శుక్రవారం పొద్దూకినంక హన్మకొండల బస్సు కోసం నిలబడ్డ. ఆటోల హారన్లు చెవులు పగలగొడ్తానయి. ఫోన్ మోగింది.

"సుగుణా, మండే మార్నింగ్ పది గంటలకి డెమో. స్టేషన్ కాన్పూర్."

"కాన్పూరా సార్?"

"ఆమా ఆమా, కాన్పూరే! నువ్వు ఒక్కదానివే చెయ్యాలి. పెద్ద రైతులు వస్తారు. నీ ఉద్యోగం సంగతి కూడా ఆ రోజే చూస్తాను."

"సార్, జర దూరం గద..."

"ఏం దూరం? ట్రైన్ ఉంది కదా!" అని పెట్టేసిండు.

చూసిండ్రా, అడగలేదని అనకుండ్రి. కాన్పూరా అని నోరు తెరిచి అడిగిన. ఆయన చెప్పింది నాకు ఎట్ల వినవడ్డదో, నేను అడిగింది ఆయనకు గట్లనే వినవడ్డది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు పెద్దలు. నోరు సరిగ తిరిగితేనే ఊరు దొరుకుతదని ఒక్కలు గూడ చెప్పలే.

బస్సుల కూసున్నంక భయం మొదలైంది. భయం ఎనుకనే పొగరు వచ్చి పక్క సీట్ల కూసుంది. ఇంత పెద్ద కంపెనీ, ఇంతమంది పాతోళ్ళు ఉండంగ నన్నే ఏరి కాన్పూర్ పంపుతాండ్రంటే, ఫిల్టర్ కడుగుట్ల నా పనితనం ఉత్తరప్రదేశ్ దాక పాకిందన్నట్టే గద! పొగరు చెప్తే విననోళ్ళు ఎవలు?

ఇంటికి పోయి చెప్పిన. అమ్మ చేతుల చాట కిందవడ్డది.

"కాన్పూరా! అది యూపీల గద! నీకు హిందీ ఏడొస్తదే?"

"వస్తదమ్మా."

"ఏమొస్తది? కూరగాయలోని కాడ 'కైసా దియా' అనుడు ఒక్కటే వస్తది. ఆడ పైపుల గురించి కైసా దియా అంటవా?"

మా బాపు రైల్వేల గూడ్సు గార్డు చేసి రిటైరైండు. ఆయన మొఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. "ఫికర్ చెయ్యకు, నేను తోడొస్తా. కాజీపేట, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్, బల్లార్షా, నాగ్‌పూర్, ఇటార్సి, భోపాల్, ఝాన్సీ... ఝాన్సీ దాటితే వచ్చిందే కాన్పూర్!" అని, ప్రతి స్టేషన్‌కు ఒక వేలు మడుచుకుంట, రెండు చేతుల వేళ్ళు ఒడగొట్టిండు. పాత సోపతిగాండ్లను పట్టుకొని ఆదివారం మధ్యాన్నం బండిల రెండు బెర్తులు గూడ సంపాయించిండు.

రైల్వే క్వార్టర్ల సంగతి మీకు తెల్వంది గాదు. ఒక ఇంట్ల తాలింపు వేస్తే పది ఇండ్లల్ల తుమ్ముతరు. తెల్లారేసరికి వాడంత తెలిసింది. పక్కింటి సరోజక్క పాత పేపరు మీద వాళ్ళ అల్లుని కాలు గీసుకొని వచ్చింది. "కాన్పూర్ తోలు చెప్పులు మస్తుంటయట చెల్లే, ఇదే సైజు." ఆలు లేదు చూలు లేదు, అల్లుని పేరు మీద చెప్పుల కొలత! మేనత్త మామిడికాయ తొక్కు జాడీ తెచ్చింది. ఎదురింటాయన ఎప్పుడో సిమ్లా పోయినప్పుడు కొన్న స్వెటరు ఇచ్చిండు. అది నాకు మోకాళ్ళ దాక వచ్చింది. బాపుకు కోతి టోపి దొరికింది. ఇంట్లనే పెట్టుకొని తిరుగుడు మొదలువెట్టిండు.

నేను మాత్రం రెండు దినాలు అన్నం సరిగ తినలే. బయటికి నవ్వుకుంటనే తిరుగుతాన. వద్దందామంటే కొలువు పోతది. పోదామంటే ఊరు తెల్వది, భాష రాదు. ఎవలకు చెప్పాలె?

ఆదివారం ఆరాధన అయిపోంగనే చర్చికి చర్చే స్టేషన్‌కు కదిలింది. పాస్టరు అయ్యగారు ముందు నడిస్తే, ఎనుక మా పాటల బృందం, వాళ్ళ ఎనుక తొక్కు జాడీ. బండి వచ్చింది. బాపు కోతి టోపి సరిజేసుకొని, పెండ్లికొడుకు లెక్క కిటికీ కాడ కూసున్నడు. అయ్యగారు లోపలికి వచ్చి, "ప్రయాణ ప్రార్థన చిన్నగ చేద్దాం బిడ్డా" అని కండ్లు మూసిండు. మా అయ్యగారి చిన్న ప్రార్థన సంగతి మా సంఘంల అందరికి తెలుసు. ఆయన కండ్లు మూస్తే ఆమెన్ దాక తెరవడు. ఆమెన్ మాత్రం అంత జల్దిన రాదు.

ప్రార్థనల ఆయన ఇంక నాగ్‌పూర్ దాక పోలేదు, నా ఫోన్ మోగింది. సెల్వం సార్. ప్రార్థనకు అడ్డం రావద్దని తలుపు కాడికి పోయిన. బాపు గూడ ఎనుకనే వచ్చిండు. లొల్లిల వినవడక స్పీకర్ పెట్టిన. అదే నేను చేసిన ఇంకో తప్పు.

"సుగుణా, రేపు ఫిల్టర్ బ్రష్ మర్చిపోవద్దు. ఎనిమిది గంటల ప్యాసింజర్ పట్టుకో, చాలు."

"సార్, నేను ఆల్రెడీ రైలెక్కిన."

"ఇప్పుడా? డెమో రేపు కదా!"

"ఇప్పుడెక్కితెనే గద సార్, రేపు పొద్దుగాలకు చేరేది."

"సుగుణా, నువ్వు రైలు ఎక్కినవా, రైలును తోసుకుంటూ వస్తున్నవా?"

ప్లాట్‌ఫారం మీద పాటల బృందం కిసుక్కుమన్నది. సార్ ఆగలే. "సరే, తొందరగా వస్తే మంచిదే. రకునాదపల్లి రైతులు కూడా వస్తున్నారు."

"మన రఘునాథపల్లి రైతులా? వాళ్ళు కాన్పూర్‌కు ఎందుకొస్తరు సార్?"

"పక్క ఊరే కదా అమ్మా!"

బాపు నన్ను చూసిండు. నేను బాపును చూసిన. ఆయన కోతి టోపి మెల్లగ తీసిండు.

"బిడ్డా," అన్నడు, "స్టేషన్ ఘన్‌పూర్ గాదు గద?"

ఏడ ఝాన్సీ అవతలి కాన్పూర్, ఏడ మా ఇంటెనుక స్టేషన్ ఘన్‌పూర్! కాజీపేటల రైలెక్కి సీటు తుడుచుకొని కూసునేలోపల వచ్చే ఊరు. బోర్డు మీద ఘన్‌పూరే గని, మా ఇంట్ల అందరం గన్పురం అంటం. అటు సార్ నోరు 'ఘ'ను మింగింది. ఇటు మా నోళ్ళు పూరును పురం చేసినయి. నడుమ నేను ఉత్తరప్రదేశ్ బాట పట్టిన.

బండి కూత పెట్టింది.

"గొలుసు గుంజు బాపూ!"

"గార్డు బిడ్డవై గొలుసు గుంజుమంటవా? దుంకు!" అని అరిచిండు. బ్యాగులు తలుపు కాడనే ఉన్నయి కాబట్టి బతికిపోయినం. స్వెటరు ఒకలు అందుకున్నరు, దుప్పట్లు ఒకలు అందుకున్నరు, తొక్కు జాడీని మేనత్త పసిపిల్లను పట్టినట్టు పట్టింది. ఇద్దరం దిగినం. బండి కదిలింది. నిజం చెప్తాన, ఆ రైలు నేను లేకుండ పోతాంటే నా గుండెల మీదికెల్లి గూడ్సుబండి దిగిపోయినట్టయింది. అమ్మ నన్ను పట్టుకొని ఏడుస్తాంది, నవ్వుతాంది. రెండు దినాల సంది లేని ఆకలి ఒక్కసారే వచ్చింది.

ఆఖరి డబ్బా దాటినంక అమ్మ అడిగింది. "అయ్యగారేడి?"

అందరం రైలు దిక్కు చూసినం. రైలు మా దిక్కు చూడలే.

కొద్దిసేపటికి ఫోన్. "సుగుణా, బిడ్డా, ఆమెన్ అని కండ్లు తెరిచిన. నువ్వు లేవు, మీ బాపు లేడు, హసన్‌పర్తి స్టేషన్ ఎనుకకు పోతాంది. ఏమైంది?"

ఏమని చెప్పాలె? బాపు ఫోన్ అందుకొని, బండిల ఉన్న టీసీకి చెప్పించి, అయ్యగారిని రామగుండంల దించి, తిరుగు బండి ఎక్కించిండు. పొద్దూకంగ ఆయన కాజీపేటల దిగితే, బాపు చేతులు పట్టుకొని "తప్పైంది అయ్యగారూ" అన్నడు. ఆయన నవ్విండు. "తప్పేం లేదు. రైల్ల మీ ఇద్దరు తప్ప ప్రార్థన మధ్యల ఎవలు లేచి పోలేదు, అది నయం. మన చర్చిల అయితే సగం మంది పోతరు."

తెల్లారి ప్యాసింజర్ ఎక్కి ఘన్‌పూర్‌ల దిగిన. రైతులు వచ్చిండ్రు, ఫిల్టర్ విప్పి చూపెట్టిన, వాళ్ళు అడిగినవన్ని తెలుగులనే అడిగిండ్రు. తెలుగు గంత తియ్యగుంటదని ఆ దినమే తెలిసింది. సార్ దగ్గరికొచ్చి "నీ ఉద్యోగం పర్మనెంట్" అన్నడు. సంతోషంల ఆగలేక సంగతంత చెప్పిన. ఆయన నవ్వుతడనుకున్న. తల వంచుకున్నడు.

"సుగుణా, ఎవరికీ చెప్పకు. ఈ జిల్లాకి మొదటిసారి వచ్చినప్పుడు, మీ ఊరికే రావాలని, కాసిపేట ఎట్లా పోవాలి అని అడిగాను. నిజంగానే కాసిపేట పంపారు. మంచిర్యాల పక్కన అది ఒకటి ఉందని నాకేం తెలుసు? బొగ్గు గనుల ఊళ్ళో నిలబడి, జంక్షన్ ఎక్కడ, జంక్షన్ ఎక్కడ అని సాయంత్రం దాకా తిరిగాను."

నేను ఎవలకు చెప్పలే. మీకే చెప్తాన.

అందుకే నేను, కాజీపేట గార్డు బిడ్డ సుగుణను, పూర్తి తెలివితోటి, కడుపు నిండ తిని ప్రమాణం చేస్తాన. ఇగ మీదికెల్లి ఎవలు ఏ ఊరు పొమ్మన్నా, క అంటే కాకరకాయా, గ అంటే గాడిదా, ఘ అంటే ఘటమా అని అడగకుండ గడప దాట. పక్క ఊరు పేరు గూడ చెప్పించుకుంట. అప్పటికి గూడ అనుమానముంటే, ఆ ఊరోళ్ళు ఏ భాషల తిడ్తరో కనుక్కొని, అది నాకు వచ్చిన భాషయితెనే రైలెక్కుత.