పిడికిలితో కొట్టిన ఉల్లిగడ్డ

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. ఇరవై ఏళ్లకు పైగా బయ్యారం దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు చెబుతున్నాను. తండా నుంచి వచ్చే పిల్లలు "మేడం, ఆ చింతచెట్టు మీద..." అని మొదలుపెడితే, వాళ్లందరినీ వెంటేసుకుని ఆ చెట్టు దాకా నడిచిపోయే రకం. బడి గేటు ముందు ఎవరో పసుపు రాసిన నిమ్మకాయలు పెట్టిపోతే, కడిగి షర్బత్ చేసుకుని తాగానని స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమే. కాబట్టి ఇది చదివి నన్నేమైనా అనుకోండి గానీ, పిరికిదని మాత్రం అనుకోకండి.

జరిగింది పట్టపగలు, మధ్యాహ్నం భోజనాల వేళ, హైదరాబాదులో ఒక చిన్న జపాన్ హోటల్లో. అయితే ముందు మా బాపు గురించి చెప్పాలి.

జనగామ స్టేషన్ రోడ్డులో బాపుకు హోటల్ ఉండేది. పొద్దున పూరీ, మధ్యాహ్నం భోజనం. పత్తి అమ్మడానికి వచ్చిన రైతులు, రైలు దిగినవాళ్లు, బస్సు తప్పిపోయినవాళ్లు అందరూ అక్కడే తినేవారు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నేనూ, చెల్లెలు స్వరూపా ఆ పొయ్యి పక్కనే పెరిగాం.

బాపుకు కొన్ని పట్టింపులు ఉండేవి. అన్నం వండిన గంజులో గంటె ఎప్పుడూ నిలువుగా గుచ్చి ఉండాలి. దాన్ని అడ్డంగా పడేస్తే ఊరుకునేవాడు కాదు. "గంటె పండుకుంటే అన్నం తరుగుతది బిడ్డా" అనేవాడు. ఇక అందరూ తిని పోయాక తను తినేటప్పుడు ఉల్లిగడ్డ ఉండాలి. దాన్ని పొట్టుతోనే బల్ల మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. కత్తి ముడితే రుచి పోతుందట. అది కూడా పొయ్యి దగ్గర నిలబడే తినేవాడు, భుజం మీద ఎర్ర తువ్వాల వేసుకుని.

ఇంకో హోటల్లో బాపు కూర్చుని తినగా నేనెన్నడూ చూడలేదు. పెళ్లిళ్లకు పోయినా పెళ్లికొడుకును చూడకముందు పొయ్యిని చూసేవాడు. పరాయి గంజులోంచి ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంటే మాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఎప్పుడైనా అనేవాడు, "ఊరందరికి వడ్డించిన. నాకు గూడ ఎవలన్న వడ్డిస్తే ఒక్కనాడు కూసోని తింట. మీరిద్దరు చెరో దిక్కు కూసోవాలె." మేం సరే సరే అనేవాళ్లం. తర్వాత నాకు ఇటు బయ్యారంలో ఉద్యోగం, స్వరూపకు అటు భూపాలపల్లిలో సంసారం. ఆ సరే సరేలు అక్కడే ఉండిపోయాయి.

ఏడాదిన్నర కిందట బాపు పోయాడు. పొయ్యి దగ్గరే, గుండెపోటుతో.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని, చుట్టాలంతా దండం పెట్టి ఒక్కొక్క మాటా ఇస్తారు. ఆ రోజు కాకులు వచ్చాయి. గోడ మీద కూర్చున్నాయి, విస్తరి దాకా దిగాయి, ముట్టలేదు. చిన్నాయన ఇల్లు అమ్మబోమని మాటిచ్చాడు. స్వరూప ఏడాదికోసారి అన్నదానం చేస్తానంది. మేనత్త ఏడుస్తూ "ఏం మనసుల వెట్టుకున్నవురా తమ్మీ, చెప్పరాదు" అని బతిమాలింది. గంట దాటింది. ఎండ మాడుస్తోంది.

నాకు విసుగొచ్చింది. ఇంతమంది మీద పడి నిలబడితే ఏ కాకి ముడుతుందని చెప్పి, ఆ విస్తరి ఎత్తి తీసుకెళ్లి ఆవు ముందు పెట్టాను. సైన్సు ప్రకారం నేను చేసిందాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే అంటాను.

స్వరూప అందరి ముందరా అరిచింది. "బాపును ఆకలితోని పంపినవ్ గదనే! ఆకలైనోణ్ని ఎన్నడన్న వాపస్ పంపిండా ఆయన?"

అది చివరి మాట. ఏడాదిన్నర మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. మా కొడుకు గృహప్రవేశానికి దాని భర్త ఒక్కడే వచ్చి, కట్నం చదివించి, తినకుండా పోయాడు. తోడబుట్టింది అదొక్కతే నాకు. పైకి రాయిలా తిరిగాను గానీ, రాత్రిళ్లు ఆ మాట తలచుకుని ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు.

స్వరూప కూతురు శ్రావ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. తెలివైన పిల్ల, దొంగముండ కూడా. "పెద్దమ్మా, ఉద్యోగం వచ్చినంక నీకు పార్టీ ఇయ్యలే" అని నన్ను పిలిచింది. వాళ్లమ్మనూ అదే మాట చెప్పి పిలిచిందని నాకు తెలియదు. నేను మహబూబాబాద్‌లో రైలెక్కి, దిగి, ఆటో పట్టుకుని ఆ హోటల్ దగ్గరికి చేరేసరికి గుమ్మం ముందు స్వరూప నిలబడి ఉంది. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. శ్రావ్య ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

గుమ్మానికి నీలం గుడ్డ వేలాడుతోంది. లోపల అడుగు పెట్టగానే పనివాళ్లంతా ఒక్కసారిగా ఏదో కేక పెట్టారు. నేను ఉలిక్కిపడ్డాను. అది వాళ్ల స్వాగతమట. ఎదురుగా పొడవాటి గట్టు, దాని వెనకాలే వంట, అంతా కనిపిస్తూనే ఉంటుంది. నలుగురు కూర్చునే బల్ల దొరికింది. తల్లీకూతుళ్లు ఒకవైపు, నేనొక్కదాన్నే ఇంకోవైపు. నా పక్క కుర్చీ ఖాళీ. మేము కాక కిటికీ దగ్గర ఇద్దరు ఆఫీసు పిల్లలు సేమ్యాల్లాంటివేవో జుర్రుకుంటున్నారు. అంతే జనం. ఇది గుర్తుంచుకోండి.

శ్రావ్య మూడు భోజనాలు చెప్పింది. ఒక్కొక్కరికీ ఒక్కో ట్రే వచ్చింది. గిన్నెడు అన్నం, సూపు, వేయించిన కోడి, సన్నగా తరిగిన క్యాబేజీ, తినడానికి రెండు పుల్లలు. అన్నం మెతుకు మెతుకు అంటుకుని ఉంది. స్వరూప దాన్ని చూసి కూతురితో అంది, "గిట్ల ముద్దైందేందే? మీ తాత చూస్తే గంజు ఎత్తి పారేస్తుండె." నాకు నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన ఆపుకుని గోడ వైపు చూశాను.

పుల్లలతో కాసేపు కుస్తీ పట్టి, ఇది మన వల్ల కాదని చేతులు కడుక్కోవడానికి లేచాను. స్వరూప కూడా లేచింది. తిరిగి వచ్చేసరికి, వడ్డించే అమ్మాయి మా బల్ల దగ్గర కంగారుగా నిలబడి ఉంది. మణిపూర్ పిల్ల, హిందీలో మాట్లాడింది. మా ఇద్దరి గిన్నెల వైపు చూపించింది. నేను లేస్తూ నా పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చిపోయాను. స్వరూప గిన్నెలోనూ అచ్చం అలాగే నిలబడి ఉన్నాయి. గంటెను పడుకోబెట్టకూడదని నేర్చుకున్న చేతులు కదా, రెండింటికీ ఆ అలవాటే.

జపాన్ వాళ్లు అలా గుచ్చరట. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టేటప్పుడు మాత్రమే గుచ్చుతారట. ఆ పిల్ల క్షమించమని అడుగుతూనే పుల్లలు తీసి అడ్డంగా పెట్టింది.

స్వరూప ముఖం పాలిపోయింది. నేను, ఎవరి ఆచారాలు వాళ్లవి అని శ్రావ్యతో ఏదో అన్నాను.

ఐదు నిమిషాలు గడిచాయేమో. ఆ పిల్ల నాలుగో ట్రే తెచ్చి నా పక్క ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"మేం మూడే చెప్పాం" అంది శ్రావ్య. పిల్ల గట్టు దగ్గరికి పోయి వంటాయనతో మాట్లాడి వచ్చింది. మీతో వచ్చిన పెద్దాయన కోసమట, అంది. ఎర్ర తువ్వాల ఆయన గట్టు దగ్గరికి వచ్చి చేత్తో చూపించి మరీ అడిగాడట.

వేరే ఎవరి ట్రేనో ఇక్కడ పెట్టారని చెప్పబోయి నేను ట్రే వైపు చూశాను. అన్నం, సూపు ఉన్నాయి. కోడి లేదు, క్యాబేజీ లేదు. చిన్న పింగాణీ సాసరులో ఒక ఉల్లిగడ్డ ఉంది. తరిగింది కాదు. పొట్టుతోనే, నడుమ చితికి, రేకులు విచ్చి ఉంది. కత్తి ముట్టలేదు.

ఆ క్షణం నా ఒంట్లో ఏమైందో రాయడం నాకు చేతకాదు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అది మాత్రం ఖచ్చితంగా చూశాను.

"అక్కా" అంది స్వరూప.

ఏడాదిన్నర తర్వాత వినపడిన పిలుపు. నేను తలెత్తలేకపోయాను. అది లేచి, తన కుర్చీ లాక్కుని, బల్ల చివరకు వచ్చి, ఖాళీ కుర్చీకి అవతలి పక్కన కూర్చుంది. ఇటు నేను, అటు అది.

"చెరో దిక్కు కూసోవాలె అన్నడు. యాదికున్నదా? అందరం ఇల్లని, అన్నదానమని మాటలిచ్చినం. గిదొక్కటి ఎవ్వలకు యాదికి రాలే."

"నాకు గూడ రాలేదే" అన్నాను. స్వరూప ట్రేను కుర్చీ వైపు కొంచెం జరిపి, నెమ్మదిగా అంది, "తిను బాపు. ఇద్దరం ఉన్నం." ఇద్దరం ఏడ్చాం. కిటికీ దగ్గరి పిల్లలు తినడం ఆపి చూస్తున్నా ఆగకుండా ఏడ్చాం.

ఏ గిన్నే కదల్లేదు, ఏ దీపమూ ఆరలేదు. అలాంటివేమీ జరగలేదు. సూపు చల్లారిపోయింది. ఆ అన్నాన్ని డబ్బాలో పెట్టించుకుని బయటకు వచ్చి, పార్కింగు గోడ మీద కుప్పగా పోశాం, పక్కనే ఉల్లిగడ్డ పెట్టాం. ఆ అద్దాల మేడల మధ్య ఒక్క కాకీ లేదు. నాలుగు పావురాలు దిగి, మేం దండం పెట్టేలోపే పొడవడం మొదలుపెట్టాయి. నేను స్వరూప వైపు చూశాను. "ఏదైతేంది అక్కా, ఆకలైనోళ్లే గద" అంది. పావురాలు అన్నం తినడం వింత కాదు. అది నేనే పిల్లలకు చెబుతాను.

నా అనుమానమంతా శ్రావ్య మీదే. మమ్మల్ని కలపడానికి ఇంత నాటకం ఆడిన పిల్ల ఉల్లిగడ్డ ఒకటి చెప్పి పెట్టించలేదా? తాత అలవాటు దానికీ తెలుసు. గట్టిగా నిలదీశాను. "మీ ఇద్దర్ని పిలిచింది నేనే పెద్దమ్మా, ఒప్పుకుంట. గది మాత్రం నేను కాదు, అమ్మతోడు" అంది. అయినా నమ్మకం కుదరలేదు. నెల తిరక్కుండా నేనొక్కదాన్నే మళ్లీ ఆ హోటల్‌కు పోయాను.

వంటాయన నేపాల్ నుంచి వచ్చినాయన, యాభై దాటి ఉంటాయి. హిందీలో ఓపికగా చెప్పాడు. శ్రావ్య తనతో మాట్లాడలేదట. పెద్దాయన వచ్చి గట్టు మీద చేతులాన్చి చాలాసేపు పొయ్యినే చూశాడట. వండేవాళ్లు చూసే చూపు అది, నాకు తెలుస్తుంది అన్నాడు. గిన్నెలోంచి ఒక మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపి, తల అడ్డంగా ఊపి నవ్వాడట. తర్వాత బుట్టలోని ఉల్లిగడ్డ చూపించి, పిడికిలి బిగించి, గట్టు మీద దెబ్బ కొట్టినట్టు చూపించాడట. ఇలా అని ఆ వంటాయన తన పిడికిలి బిగించి చూపించాడు.

నా ఫోన్‌లో బాపు ఫోటో ఉంది. తీసి, తెరిచి, చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈయనేనా అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఇన్నేళ్లుగా పిల్లలకు నేను చెప్పేది అదే కదా, నమ్మొద్దు, పరీక్షించి చూడండి అని. కాదంటాడని భయమేసిందో, అవునంటాడని భయమేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఫోన్ సంచిలో వేసుకున్నాను. ఆ ఉల్లిగడ్డ సంగతి నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

వెళ్లబోతుంటే వంటాయన వెనక నుంచి పిలిచాడు. మొహమాటపడుతూ అడిగాడు.

"నా అన్నం ఆయనకు నచ్చినట్టు లేదు. మరి తిన్నాడా?"

"తిన్నాడు. కూర్చుని తిన్నాడు" అన్నాను.