సుగుణ మేడమ్ గారి బ్యాక్టీరియా

బాపట్లలో మా ల్యాబ్‌లో నేలలోని సూక్ష్మజీవులను గాజు గొట్టాల్లో భద్రపరుస్తాం. మా జాబితాలోని ఒక్కో బ్యాక్టీరియాను ప్రపంచమంతా చూసే జన్యు డేటాబేస్‌కి లింకు చేయడం నా పని. ఉప్పు నేలలో కూడా మినుము వేళ్లలో ఉండి దానికి నత్రజని అందించే ఒక బ్యాక్టీరియాను సుగుణ మేడమ్ ఎప్పుడో రేపల్లె దగ్గరి పొలంలో కనిపెట్టారు. దాని లింకు ఈమధ్యే పూర్తి చేశాను. అది చూసి ఒక విదేశీ ల్యాబ్ వాళ్లు నమూనా అడిగారు. ఉన్న గొట్టాలన్నీ తెరిచి గాజు ప్లేట్లలో పెంచి చూశాం. ఈ రోజు పొద్దున ప్లేట్లు బయటికి తీస్తే ఒక్కదానిలోనూ ఏమీ పెరగలేదు. ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియదు.

రిటైరై తెనాలిలో ఉంటున్న మేడమ్‌కి ఫోన్ చేశాను. నేను నోరు విప్పేలోపే ఆవిడ, "లింకు చూశానమ్మా! నా పేరు కూడా వేశారుగా. చర్చిలో అందరికీ చూపించాను," అన్నారు.

చెప్పక తప్పలేదు.

"అదే పొలంలో మళ్లీ వెతుకుదామండి," అన్నాను.

"ఇంకేం పొలమమ్మా? అది రొయ్యల చెరువై చాలా ఏళ్లయింది."

సాయంత్రం ఆ పేజీలో 'నమూనా అందుబాటులో లేదు' అని రాశాను. నా లింకు మాత్రం చక్కగా పనిచేస్తోంది. రేపల్లె వైపు మిత్రులారా, చెరువు గట్ల మీద ఎక్కడైనా ఒక్క మినుము మొక్క మిగిలి ఉంటే చెప్పండి. పీకకండి, నేనే వస్తాను.