బాబాయి తూచి తెచ్చిన ఎర్ర పెట్టె

ఇప్పుడంటే ఎదుటివాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా నవ్వితే ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూసేదాన్ని. తప్పు నాది కాదు, కొత్తగా దొరికిన ఉద్యోగానిది. పోర్ట్‌బ్లెయర్‌లో ఓడ టికెట్ల కౌంటర్ వెనక కూర్చోబెట్టారు. మెయిన్‌లాండ్‌కి బెర్తు కావాలంటే జనం ఒకే మేనమామని మూడు ఓడలకి మూడుసార్లు చంపేవాళ్ళు (నాలుగో ఓడకి ఆ మేనమామే స్వయంగా వచ్చి లైన్లో నిలబడ్డాడు). ఆరు నెలలు తిరిగేసరికి పాలు చూసినా అనుమానమే, పాలవాణ్ణి చూసినా అనుమానమే. అలాంటి మనిషిని నేను, జీవితంలో మొదటిసారి ఒక రికార్డు ప్లేయర్ కొందామని బయలుదేరాను.

కారణం మా నానమ్మ. ఊళ్ళోనే బతు బస్తీ అనే పేటలో మా ఇంట్లో, ఆవిడ ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళి చీరలో చుట్టిన నల్లటి రికార్డు ఒకటి ఉండేది. పెళ్ళైన కొత్తలో ఆవిడని వైజాగ్‌లో ఓడ ఎక్కించే ముందు తాతయ్య కొన్నాడట. ఏమిటిది అని అడిగితే, "మిషను కొన్నాక నువ్వే ఇంటావు" అని నవ్వి ఊరుకున్నాడట. మిషను కంటే ముందు వల వచ్చింది, తర్వాత పడవ, తర్వాత మా నాన్న, ఆ తర్వాత బాబాయి, ఆ తర్వాత కొత్త పైకప్పు. తాతయ్య పోయాడు గానీ మిషను రాలేదు. ఇక్కడి తేమకి రికార్డు మీది కాగితం, ఇంట్లో చదువొచ్చినవాళ్ళు తయారయ్యేలోపే ఊడి పొడైపోయింది. అందులో ఏముందో ఎవరికీ తెలీదు. నానమ్మకి మాత్రం ఖాయంగా తెలుసు. "ఎవత్తో పాటకత్తె పాటలే. మీ తాత దాని గొంతంటే పడి సచ్చీవోడు. నాకు సెప్పడానికి మొకం సెల్లక నవ్వినాడు" అని యాభై ఏళ్ళుగా మూతి ముడుస్తూనే ఉంది. ఆ ఏడాది ఆవిడకి ఒక చెవి పూర్తిగా పోయింది. "రెండోది కూడా పోయీలోగా అదేటో ఇనీయాల పాపా" అంది.

ఫోన్లో చదవడం మొదలెట్టాను. చదివినకొద్దీ భయం. సూది బరువెక్కువైతే రికార్డు మీది గీతల్ని గీకేస్తుందట. ముఖ్యంగా సూట్‌కేసులా మూత తెరుచుకునే ముద్దొచ్చే రకాల్ని అస్సలు నమ్మకూడదట. మాకున్నది ఒకే ఒక్క రికార్డు, నానమ్మకున్నది ఒకే ఒక్క చెవి. మంచి మిషను ఎంచుకుని నొక్కితే, మీ పిన్‌కోడ్‌కి పంపలేం అని వచ్చింది (మా దీవులకి అదేమీ కొత్త కాదు). మా వీధిలో రిపేరు భయ్యా మాత్రం, "దీదీ, మేరే పాస్ ఏక్ హై, ఫస్ట్ క్లాస్!" అని అటక మీంచి ఒకటి దింపాడు. మూత తీస్తే బల్లి బయటికొచ్చింది. సూది ఉండాల్సిన చోట గుడ్డలు కుట్టుకునే సూది ఉంది. "ఇదేంటి భయ్యా?" అన్నాను. "సుయీ తో సుయీ హోతీ హై, దీదీ" అన్నాడు, ఏ సూదైనా సూదే కదా అని, నేనే ఏదో వింత అడిగినట్టు.

అప్పుడే మా బాబాయి చుట్టాల పెళ్ళికని వైజాగ్ వెళ్తున్నాడు. చేపల జెట్టీలో ఆయన్ని తూకం బాబాయి అంటారు. ఎవరి కాటానీ నమ్మడు, తన కాటాని కూడా రోజుకి రెండుసార్లు సరిచూసుకుంటాడు. నాకు కావాల్సింది ఇలాంటి మనిషే అనిపించింది. "సూది బరువు రెండు గ్రాములు దాటకూడదు బాబాయ్. షాపువాడేం చెప్పినా నమ్మకు" అని పదిసార్లు చెప్పి ఓడెక్కించాను. ఆ రెండో మాట చెప్పకుండా ఉండాల్సింది.

తిరుగు ఓడ దిగుతూనే జెట్టీ మీద చెయ్యెత్తాడు. చేతిలో ఎర్రగా, ముద్దొచ్చేలా, సూట్‌కేసు. అస్సలు నమ్మకూడదన్న రకమే.

"దొంగని పట్టీసినాను అమ్మడూ!" అన్నాడు. "ముందొకటి సూపించినాడు. సూదిని బుల్లి కాటా మీదెట్టమన్నాను. మూడు దాటింది. ఎంటనే ఆడేటి సేసినాడో తెలుసా? ఆ సూదున్న కర్ర ఎనకాల గుండ్రాయి తిప్పీసి, రెండుకి దింపీసినాడు! నా కళ్ళెదురుగా! ముప్పై ఏళ్ళ నుంచి సేపలు తూస్తన్నాను, నాకాడా ఈ ఏసాలు? నాలుగు మిషన్లు సూపించినాడు, అన్నిటికీ ఎనకాల రాయే. దీనికొక్కదానికే నేదు. తిప్పడానికేటీ నేదు. ఐదు తూగింది, ఎన్నిసార్లెట్టినా ఐదే. నిజాయితీ మిషను."

ఆ రాయి ఉన్నదే సూది బరువు సరిచేసుకోవడానికి బాబూ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. (సిగ్గుతో చెబుతున్నాను, షాపువాడు కమిషన్ ఏమైనా ఇచ్చాడా అని సొంత బాబాయినే ఒక పూట అనుమానించాను.)

దీని మీద రికార్డు పెట్టేది లేదని, తర్వాతి ఓడకి వెనక్కి పంపేస్తానని ఇంట్లో ప్రకటించాను. నానమ్మ చీర మడతలు విప్పి రికార్డు తీసి నా ఒళ్ళో పెట్టింది. "గీసుకుంటే గీసుకోనీ. దాసీ దాసీ నా సెవే పోతంది. ఎట్టు."

సూది దింపాను. బరబర. నానమ్మ మంచి చెవిని పెట్టెకి ఆనించి, ఆ పాటకత్తెతో తగువుకి సిద్ధంగా కూర్చుంది. ఒక మగ గొంతు, బడి పంతులులా, "ఆప్‌కా నామ్ క్యా హై? మీ పేరేమిటి?" అంది. కాసేపాగి, "బాజార్ కహాఁ హై? బజారు ఎక్కడ?"

పాటలు కావు. హిందీ పాఠాలు. తెలుగు తప్ప మరో ముక్క రాని కొత్త పెళ్ళాం, హిందీ దీవిలో బెంగ పెట్టుకోకూడదని తాతయ్య కొన్నాడు. మిషను వచ్చేలోపే నానమ్మ చేపల బజార్లో పోట్లాడి పోట్లాడి హిందీ నేర్చేసుకుంది. ఇంక ఆయనకి చెప్పడానికి ఏం మిగిలింది?

"పాటకత్తె పాటలన్నాను, పాపం" అంది నానమ్మ, చిన్నగా.

అంతలో నేను భయపడ్డదే అయింది. మీరు బాగున్నారా అని అడిగే చోట సూది ఒక గాడిలో ఇరుక్కుంది. "ఆప్ ఠీక్ హైఁ? ఆప్ ఠీక్ హైఁ? ఆప్ ఠీక్ హైఁ?" తీయబోతే నానమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. "ఠీక్ హూఁ" అంది పెట్టెతో. "అరే బాబా, ఠీక్ హూఁ. ఎన్నిసార్లడుగుతావు?" కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది.

నానమ్మ ఇప్పుడు లేదు. నా దగ్గర మంచి మిషను ఉంది, వెనకాల రాయితో సహా (బాబాయి వచ్చినప్పుడల్లా దానివైపు ఓరగా చూస్తాడు). దాని మీద ఆ రికార్డు ఎక్కడా ఆగదు. ఠీక్ హైఁ అని ఒక్కసారే అడిగి, రైలు ఎన్నింటికి అనే పాఠంలోకి వెళ్ళిపోతుంది. మా దీవుల్లో రైలే లేదు. అందుకే అప్పుడప్పుడు, రికార్డు పాడైపోతుందని పూర్తిగా తెలిసీ, ఆ ఎర్ర పెట్టె దింపి దుమ్ము తుడుస్తాను. అది అడుగుతూ ఉంటుంది, నేను ఠీక్ హూఁ అంటూ ఉంటాను. నాలో ఇంకా ఉన్న, ఎవర్నీ నమ్మని ఆ టికెట్ల పిల్లకి, బాగానే ఉన్నానని మొదటిసారి చెప్తే నమ్మకం కుదరదు. నాలుగోసారికి నమ్ముతుంది.