తోటకూర తిన్న కుందేలు పిల్ల

కోవూరులో మా అక్క పెంచే కుందేలు ఈనితే, పాలు మానకముందే రెండు పిల్లల్ని మా ఊరికి తెచ్చేసుకున్నాను. చేపల వేట మానేసి ఇంటిపట్టునే ఉంటున్న మా మామగారికి అవి మంచి తోడయ్యాయి. నిన్న దగ్గర కూర్చుని గుప్పెళ్లతో తోటకూర పెట్టారు. ఈ రోజు పొద్దున ఒకటి విరేచనాలతో వాలిపోయింది. ఇందుకూరుపేటలో పశువుల డాక్టరు దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయింది.

"ఇంకా పాలే అరిగే కడుపు పెద్దాయనా. తల్లి దగ్గరే ఉండి, ఆకు కొంచెం కొంచెంగా అలవాటు కావాల," అన్నారు డాక్టరు.

"అంత ఆశగా తింటా ఉంటే అరిగిపోతాదనుకున్నా సార్," అన్నారు మామగారు.

దాన్ని పెరట్లో పూడ్చి, రెండోదాన్ని తువ్వాలులో చుట్టుకుని ఆయనే కోవూరు బస్సెక్కారు. తల్లి దాన్ని దగ్గరికి రానిచ్చిందని తిరిగొచ్చి చెప్పారు.

తొందరపడి తెచ్చింది నేనైతే, పొద్దున్నుంచి అన్నం ముట్టనిది ఆయన. ఏం చెప్పి తినిపించాలో మీకు తోస్తే చెప్పండి.